ఈస్టర్‌కి పాప కోడిపిల్ల అడుగుతోంది, అన్నేమో ఏడిపిస్తున్నాడు: కొనాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. టెక్సస్‌లో ఉంటున్నారు. మీ ఊరి దాణా దుకాణంలో ఈస్టర్ ముందు రేకు తొట్లలో కోడిపిల్లలు, బాతుపిల్లలు పెట్టి అమ్ముతున్నారు. ఏడేళ్ళ పాప ఒక్కటి కొనిపెట్టమని పట్టుబట్టింది. పదకొండేళ్ళ బాబు "కొనుక్కో, కొనుక్కో, పెద్దయ్యాక అమ్మ దాన్ని బిర్యానీ చేస్తుంది" అని ఏడిపిస్తున్నాడు. మీకేమో చిన్నప్పుడు తిరునాళ్ళలో కొన్న గులాబీ రంగు కోడిపిల్ల గుర్తొస్తోంది. అది ఏమైందో మీకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, మీ అన్నయ్య మాత్రం ఇప్పటికీ ఫోన్లో దాని పేరెత్తి ఆటపట్టిస్తారు. కొనాలని ఉంది, భయంగానూ ఉంది.

ముందు సూటిగా చెప్తాను. పండగ బహుమతిగా ఒక్క పిల్లని కొనకండి. పెరట్లో కోళ్ళు పెంచే ఉద్దేశం నిజంగా ఉంటే, గూడు ఎక్కడ కట్టాలో తేలాక, ఓ ఆరు పిల్లల్ని ఇంటి మొత్తానికి కలిపి తెచ్చుకోండి. అప్పుడు కూడా "ఇది నీది, అది అన్నది" అని పంచకండి. ఇక బాబు ఏడిపింపు సంగతి. వాణ్ణి తిట్టి ఆపలేరు. మీరు పాపకి చెప్పకుండా దాస్తున్న మాటేదో ఉంది, వాడి బలమంతా అక్కడుంది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను పశువైద్యుణ్ణి. గన్నవరంలో చదువుకుని, గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి చుట్టుపక్కల లేయర్ ఫారాల్లో (గుడ్ల కోళ్ళవి), పిల్లల్ని పొదిగించే హ్యాచరీల్లో కొన్నేళ్ళు పనిచేశాను. తర్వాత ఇక్కడ లైసెన్సు పరీక్షలు రాసి, ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో ఉన్నాను. కుక్కలు, పిల్లులు, ఆవులు, మేకలు అన్నీ వస్తాయి. ఏప్రిల్ వచ్చిందంటే అట్టపెట్టెల్లో కోడిపిల్లలు మొదలవుతాయి. పెట్టె పట్టుకుని ఒక అమ్మో నాన్నో, వెనకాల ఏడుస్తూ ఒకరు, పక్కన నేనేం చెయ్యలేదన్నట్టు నిలబడి ఇంకొకరు. ఆ మూడో మనిషి దాదాపు ఎప్పుడూ అన్నో అక్కో అయి ఉంటారు.

మీ గులాబీ రంగు పిల్ల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే ఆ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు లోపలి నుంచి తెలుసు. గుడ్ల కోసం పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతుల్లో పొదిగిన పిల్లల్లో సగం పుంజులే. అవి గుడ్డు పెట్టవు, మాంసానికి బ్రాయిలర్‌లా పెరగవు. అందుకని పుట్టిన రోజే హ్యాచరీలో ఆడ, మగ వేరుచేస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి వెయ్యి దాకా చూసెయ్యగలరు. ఆడవి ఫారాలకి వెళ్తాయి. మగవాటిని చాలాచోట్ల అక్కడే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి ఆ పద్ధతిని చట్టం చేసి ఆపింది. మన దగ్గర కొంతమంది వాటిని కారుచౌకగా గంపలకెత్తి, రంగు నీళ్ళలో ముంచో చల్లో, సంతల్లో, తిరునాళ్ళలో, బడుల గేట్ల దగ్గర అమ్ముతారు. ఆ పిల్లల నూగు లేత పసుపు కాబట్టి ఏ రంగైనా ఇట్టే పట్టేస్తుంది.

మా అక్క నాకు చెప్పిన కథ ఏమిటంటే, పచ్చ పిల్ల పెద్దయితే పచ్చ గుడ్డు పెడుతుందని. నేను దానికి బియ్యపు నూకలు వేసి, గంప ఎత్తి చూసి, మళ్ళీ గంప ఎత్తి చూసి, గుడ్డు కోసం ఎదురు చూసేవాణ్ణి. రెండు మూడు వారాల్లో నూగు రాలి తెల్ల ఈకలు వస్తుంటే, "రంగంతా గుడ్డు కోసం లోపలికి వెళ్తోంది" అని ఇంకో కథ చెప్పింది. అది పుంజు. వెయ్యేళ్ళు కూర్చున్నా గుడ్డు పెట్టదు. ఆ సంగతి హ్యాచరీలో ఉద్యోగం చేసేదాకా నాకు తట్టలేదు, అక్కకీ తెలియదు. తమాషా ఏమిటంటే పచ్చ గుడ్లు పెట్టే కోళ్ళు నిజంగానే ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన అరౌకానా జాతి నీలి గుడ్లు పెడుతుంది. ఆ జన్యువు గోధుమ రంగు గుడ్ల కోళ్ళతో కలిస్తే పచ్చ రంగు వస్తుంది. అమెరికాలో అలాంటి కలగలుపు కోళ్ళ పేరే 'ఈస్టర్ ఎగ్గర్'. మీ దాణా దుకాణంలో తొట్టి మీద ఆ చీటీ చూసే ఉంటారు. ఆ పిల్లలకి రంగు వెయ్యరు, చాలావరకు గోధుమ చారలతో ఉడుతపిల్లల్లా ఉంటాయి.

మరి ఈస్టర్‌కీ కోడిపిల్లకీ ఏమిటి సంబంధం అంటే, పెద్ద రహస్యమేమీ లేదు. వసంతంలో పగలు పెరిగేకొద్దీ కోళ్ళు గుడ్లు ఎక్కువ పెడతాయి, పొదుగుతాయి. పాతకాలపు యూరప్‌లో లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం) నలభై రోజులూ గుడ్లు తినేవాళ్ళు కాదు, పండగ నాటికి ఇంటినిండా గుడ్లు ఉండేవి. ఇక్కడ దానికి వ్యాపారం తోడైంది. గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చే ముందు పిల్ల పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది, అందువల్ల మూడు రోజుల దాకా తిండి, నీళ్ళు లేకుండా బతకగలదు. ఆ ఒక్క కారణంతో అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒక రోజు పిల్లల్ని పార్సిల్‌గా తీసుకెళ్తోంది. దాంతో ఎక్కడో హ్యాచరీలో పుట్టిన పిల్ల ఇంకెక్కడో చిల్లర దుకాణంలో ఊదా రంగులో, పచ్చ రంగులో కొన్ని సెంట్లకి దొరికేది. ఇప్పుడు అరవై, డెబ్భై దాటిన అమెరికన్లని కదిపితే చాలామంది దగ్గర ఒక ఈస్టర్ పిల్ల కథ ఉంటుంది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈ ఆనవాయితీ లేదు. మట్టలాదివారం, తర్వాత పునరుత్థాన పండగనాడు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు, ప్రార్థనలు, అంతే. రంగు కోడిపిల్ల మనకి తిరునాళ్ళ సరుకు, వాళ్ళకి ఈస్టర్ సరుకు.

పిల్లలు చచ్చిపోతున్నాయని, పండగ వెళ్ళగానే పారేస్తున్నారని, చాలా రాష్ట్రాలు రంగు వెయ్యడాన్ని నిషేధించాయి. ఫ్లోరిడా 1967లోనే చేసింది. కెంటకీలో అయితే రెండు నెలల లోపు కోడిపిల్లల్నీ బాతుపిల్లల్నీ ఆరుకి తక్కువ అమ్మకూడదని చట్టమే ఉంది. చట్టం లేనిచోట కూడా కొన్ని దుకాణాలు సొంతంగా ఇలాంటి నియమం పెట్టుకుంటాయి. "ఒక్కటే ఇవ్వండి, పాప ఆడుకుంటుంది" అనేవాళ్ళని ఆపడానికే ఆ లెక్క. ఆరు కొనాలంటే మనిషి ఒక్క క్షణం ఆగి, ఎక్కడ పెట్టాలి అని ఆలోచిస్తాడు కదా. అదీగాక కోడిపిల్ల ఒంటరిగా ఉండలేదు. తల్లీ తోడూ లేని ఒక్క పిల్ల రాత్రంతా గట్టిగా కీచుకీచుమని అరుస్తూనే ఉంటుంది. మీ పాపకి అది ముద్దుగా వినపడుతుంది గానీ అది పిలుపు. తోటి పిల్లలుంటే ఆ గోల తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం, మీ బాబు.

నా క్లినిక్‌కి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన రైతు. ఆయన చిన్నప్పుడు ఈస్టర్‌కి ఆయనకీ చెల్లెలికీ చెరో పిల్ల తెచ్చారట. ఈయనది వారంలో పోయింది. చెల్లెలిది పెద్ద పుంజయింది, ఆ అమ్మాయి వెనకే తిరిగేది, ఒళ్ళో కూర్చునేది. ఎండాకాలం చివర్లో ఒకరోజు కనపడలేదు. వాళ్ళమ్మ "పెద్దనాన్న వాళ్ళ పొలానికి పంపించాం, అక్కడ దానికి బావుంటుంది" అంది. ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఈయన చెల్లెలి వైపు వంగి, మెల్లిగా, "పొలం చాలా రుచిగా ఉంది కదా" అన్నారట. ఆ చెల్లెలికి ఇప్పుడు మనవలున్నారు. ఎక్కడికెళ్ళినా చికెన్ తింటుంది, అన్నగారింట్లో మాత్రం ముట్టదు. ఆయన ఇది నవ్వుతూ చెప్తారు. ఆవిడ ఒకసారి ఆయనతో వచ్చినప్పుడు నేను ఆవిణ్ణి అడిగాను. "వాడు అన్నందుకు కాదు, అమ్మ చెప్పనందుకు" అంది.

నేను చూసిన ఇళ్ళలో చాలావరకు ఇదే వరస. పెద్దవాళ్ళు చిన్నపిల్ల బాధపడుతుందని ఒక అబద్ధం చెప్తారు. పెద్ద పిల్లాడికి నిజం తెలిసిపోతుంది, వంటింట్లో మాటలు వాడి చెవిన పడతాయి కదా. అప్పుడు వాడి చేతిలో ఒక ఆయుధం ఉంటుంది. పెద్దవాళ్ళు దాచిన ప్రతిదీ అన్న చేతిలో సరుకవుతుంది. మనవాళ్ళ "అమ్మమ్మ వాళ్ళ ఊరు పంపించేశాం", ఇక్కడివాళ్ళ "పొలానికి పంపాం", రెండూ ఒకటే. మీ గులాబీ పిల్ల విషయంలో మీ అన్నయ్య దగ్గర ఇన్నేళ్ళూ ఉన్నది కూడా అదే అనుకుంటున్నాను. ఆయనకి ఏం జరిగిందో తెలుసు, మీకు తెలియదు. ఈసారి ఫోన్లో పేరెత్తినప్పుడు "అసలేమైంది అన్నయ్యా" అని సీరియస్‌గా అడిగి చూడండి. చాలాసార్లు జవాబు చాలా మామూలుగా ఉంటుంది: పిల్లి పట్టుకుపోవడమో, చలికి పోవడమో. ఆ రంగు పిల్లలకి కొక్కెర తెగులు టీకా ఎవరూ వెయ్యరు, రాత్రి వెచ్చదనం ఉండదు, తిరునాళ్ళ ఎండలో నీళ్ళు లేకుండా గంపలో ఉండి వస్తాయి. మీరేం చేసినా చాలావరకు బతికేవి కావు.

మీ బాబు బిర్యానీ మాటకి వద్దాం. ఆ మాట పాపని ఎందుకు కుదిపేస్తోంది? ఇంట్లో ఆదివారం చికెన్ వండుతారు (మీ ప్రశ్నలోనే రాశారు), అది కోడేనని పాపకి సగం తెలుసు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు. వాడు సరిగ్గా ఆ సందులో వేలు పెడుతున్నాడు. కాబట్టి పాపతో మీరే, వాడి ముందే, మామూలు గొంతుతో మాట్లాడండి. "మనం తినేది కోడినే. మన పెరట్లో కోళ్ళని మనం తినం, అవి గుడ్ల కోసం. పుంజయితే ఏం చేస్తామో ఇదీ" అని. ఏం చేస్తారో మీరు ముందే నిర్ణయించుకుని ఉండాలి: పుంజుల్ని వెనక్కి తీసుకునే రైతుని వెతికిపెడతారా, అమ్మేస్తారా, తింటారా. ఏదైనా సరే, పాపకి మాత్రం అదే చెప్పండి. చెప్పేశాక వాడు బిర్యానీ అన్నా పాప "మనవి తినం, అమ్మ చెప్పింది" అంటుంది. రెండుసార్లు అన్నాక వాడికే బోర్ కొడుతుంది. శాకాహారులైతే ఈ గొడవే లేదు, అప్పుడు అన్నలు "గద్ద ఎత్తుకుపోతుంది, రకూన్ తినేస్తుంది" అని మొదలుపెడతారు.

అలాగని ఆటపట్టించడం అస్సలు ఉండకూడదని నేను అనను. అన్నాచెల్లెళ్ళన్నాక ఉంటుంది. కోడికి పేరు పెట్టి వెక్కిరించడం, "నీ కన్నా దానికే బుద్ధి ఎక్కువ" అనడం, పచ్చ గుడ్డు కథలు, ఇవన్నీ పోనివ్వండి. ఇవే తర్వాత పెళ్ళిళ్ళలో చెప్పుకునే కబుర్లవుతాయి. నేను గీత గీసేది రెండుచోట్ల. చావు గురించి భయపెట్టడం ఒకటి, అది పైన చెప్పినట్టు నిజం చెప్తే చాలావరకు సద్దుమణుగుతుంది. రెండోది, పిట్టని పట్టుకుని చేసే ఏడిపింపు. దాచెయ్యడం, ఎత్తి పట్టుకుని "వదిలేస్తా" అనడం, బకెట్లో ఈదించడం, ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడం. దీనికి మాత్రం రెండో మాట లేదు. ఆ రోజుకి వాడు తొట్టి దగ్గరికి రాకూడదు, అంతే.

కారణం చెప్తాను, వాడికీ చెప్పండి. పదకొండేళ్ళవాడికి కారణం చెప్తే బాగా ఎక్కుతుంది. పక్షులకి మనలాగా ఊపిరితిత్తుల కింద ఉదర వితానం (డయాఫ్రమ్) ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. ముక్కూ నోరూ తెరిచే ఉన్నా, ఛాతీ చుట్టూ గట్టిగా పట్టుకుంటే చాలు, ఊపిరాడక పోతుంది. నా దగ్గరికి వచ్చే ఈస్టర్ పిల్లల్లో కింద పడి కాలు విరిగినవి కొన్నుంటాయి, ప్రేమగా గుండెకి హత్తుకోవడం వల్ల పోయినవి అంతకన్నా ఎక్కువ ఉంటాయి. అందుకని పిల్లలు నేల మీద కూర్చునే పట్టుకోవాలి, అరచెయ్యి దొప్పలా పెట్టి, పై నుంచి రెండో చెయ్యి తాకీ తాకనట్టు. నిలబడి ఎవరూ ఎత్తుకోకూడదు.

పంచవద్దని ఎందుకన్నానంటే, ఆరు పిల్లల్లో ఒకటి పోవడం మామూలు విషయం. అందరివీ అయితే "ఒకటి పోయింది". పంచితే "నీది పోయింది". ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. ఒక ఇంట్లో కాళ్ళకి రంగు రబ్బరు బ్యాండ్లు వేసి మరీ పంచారు. ఎర్ర బ్యాండు పిల్ల పోయింది. తమ్ముడు రాత్రికి రాత్రి బ్యాండ్లు మార్చేశాడు, అన్న కనిపెట్టేశాడు, నా క్లినిక్‌కి వచ్చింది ఆ గొడవే గానీ కోడిపిల్ల జబ్బు కాదు. (ఆ బ్యాండ్లు కూడా తీయించాను. పిల్లలు పెరిగే వేగానికి అవి కాలిలోకి దిగిపోతాయి.) పేర్లు పెట్టుకోనివ్వండి, ఇష్టమైనది ఒకటి ఉండనివ్వండి, ఆస్తి పంపకం మాత్రం వద్దు.

దీనికి బదులు పని పంచండి. పెద్దవాడికి కొంచెం బాధ్యత ఉన్న పని ఇవ్వాలి, ఊరికే నీళ్ళు పొయ్యడం కాదు. థర్మామీటరు వాడికివ్వండి. మొదటి వారం కోడిపిల్లల దగ్గర 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి 5 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించుకుంటూ, ఆరు వారాలకి ఈకలు నిండాక వెచ్చదనానికి పెట్టిన దీపం తీసెయ్యొచ్చు. రోజూ రెండుసార్లు చూసి ఒక కాయితం మీద రాయడం వాడి పని. పిల్లలన్నీ దీపం కింద ఒకదాని మీద ఒకటి పడుకుంటే చలి, గోడలకి అంటుకుని నోళ్ళు తెరిచి ఉంటే వేడి, చెదురుగా తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇది వాడు చెల్లెలికి నేర్పాలి. నేను చూసినంతవరకు ఏడిపించే పిల్లాడికి నేర్పే పని ఇస్తే వాడి నోరు సగం మూతపడుతుంది. మిగతా సగం మూతపడదు, ఆశ పెట్టుకోకండి.

ఆ 250 వాట్ల ఎర్ర దీపం కొనేటప్పుడు జాగ్రత్త. పొట్టు మీద పడితే గ్యారేజీ అంటుకుంటుంది. కొంచెం ఖరీదైనా వేడి పలక, అంటే కిందికి దూరి పడుకునే రకం కొనండి. దాణా చిక్ స్టార్టర్, 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉండేది. నూకలూ అన్నం మాత్రమే పెడితే పెరగవు. మన చిన్నప్పటి కోడిపిల్లలు బక్కచిక్కి పోవడానికి అదీ ఒక కారణం. మొదటి వారంలో వెనక భాగంలో రెట్ట గట్టిగా అంటుకుపోతే గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి మెత్తబరిచి తీయాలి. లాగకూడదు.

విరేచనాలూ జ్వరమూ తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, కోళ్ళ విషయంలో నన్ను నిజంగా భయపెట్టేది అదే. ఆరోగ్యంగా కనపడే పిల్ల రెట్టలో కూడా ఉంటుంది. 2020లో పెరటి కోళ్ళ వల్ల అమెరికాలో 1,700 మందికి పైగా జబ్బుపడ్డట్టు సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) లెక్క. అయిదేళ్ళ లోపు పిల్లలు కోడిపిల్లల్ని ముట్టుకోకూడదని కూడా వాళ్ళే చెప్తారు. మీ పాపకి ఏడు కాబట్టి ముట్టుకోవచ్చు, ముద్దులు పెట్టకూడదు, మొహానికి ఆనించుకోకూడదు, ముట్టుకున్నాక ప్రతిసారీ సబ్బుతో చేతులు. తొట్టి వంటింట్లో పెట్టొద్దు, నీళ్ళ గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఇంకా జాగ్రత్త.

బాతుపిల్లలు ఎలా ఉంటాయని కూడా అడిగారు. చూడ్డానికి కోడిపిల్లకన్నా ముద్దు, పెంచడానికి రెట్టింపు పని. ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ బురద చేస్తాయి. తల్లి దగ్గర పెరిగిన పిల్లలకి తల్లి ఒంటి నూనె అంటుతుంది కాబట్టి నీళ్ళు అంటవు. దుకాణంలో కొన్నవి టబ్బులో వదిలితే నూగు నాని, చలికి బిగుసుకుపోతాయి. పిల్లలకి ఈ సంగతి తెలియదు, బాతు కదా ఈదుతుంది అనుకుంటారు. నయాసిన్ అనే బి విటమిన్ కూడా వాటికి ఎక్కువ కావాలి, కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే కాళ్ళు వంకరపోతాయి, బ్రూవర్స్ ఈస్ట్ కలపాలి.

బాతుల్లో ఇంకో చిక్కు ఉంది, మీ ఇంటికి సరిగ్గా తగిలేది. పుట్టిన మొదటి గంటల్లో, రోజుల్లో ఎవరు కనపడితే వాళ్ళ వెంట పడతాయి. కోన్రాడ్ లోరెంజ్ వెనకాల హంసబాతు పిల్లలు వరసగా నడిచే పాత ఫొటోలు చూసే ఉంటారు, ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. అది పిల్లలుండే ఇంట్లో జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. ఒక ఇంట్లో చెల్లెలు అడిగి కొనిపించుకుంది, కానీ బడి నుంచి ముందు వచ్చే అన్న పక్కన కూర్చుని ఆడుకునేవాడు. బాతు వాడి వెనకాలే తిరగడం మొదలుపెట్టింది, ఆ అమ్మాయి పిలిచినా రాదు. ఇంక వాడు ఏడిపించాల్సిన పనేముంది, బాతే చూసుకుంది. ఒక్కటి కాకుండా మూడు నాలుగు కలిపి పెంచితే అవి మనుషులకన్నా ఒకదానికొకటి ఎక్కువ అతుక్కుంటాయి. కానీ మూడు నాలుగు పెద్ద బాతుల్ని మీ పెరడు మోస్తుందా అన్నది వేరే ప్రశ్న. అపార్ట్‌మెంట్ చెరువులో వదిలేద్దాం అనే ఆలోచన మాత్రం వద్దు. తెల్ల పెకిన్ బాతు ఎగరలేదు, దానికి కుక్క నుంచి తప్పించుకోవడం చేతకాదు.

కొనే ముందు మీ హెచ్.ఓ.ఏ. (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నియమాలు, సిటీ నియమాలు రెండూ చూడండి. పెట్టలకి అనుమతి ఉన్నచోట కూడా పుంజులకి చాలాసార్లు ఉండదు. 'స్ట్రెయిట్ రన్' అని రాసి ఉంటే ఆడ, మగ కలిపి ఉన్నట్టు. 'పుల్లెట్స్' అని ఉంటే పెట్టలు, అయినా అప్పుడప్పుడూ ఒక పుంజు దూరుతుంది. అది నాలుగో నెలకి తెల్లవారుజామున కూస్తుంది, పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తారు. పెట్టలు 18 నుంచి 20 వారాలకి గుడ్లు మొదలుపెడతాయి, అయిదారేళ్ళో ఇంకా ఎక్కువో బతుకుతాయి. అంటే అప్పటికి మీ బాబు కాలేజీకి వెళ్ళిపోయి ఉంటాడు. 2025 మార్చిలో డజను గుడ్లు 6 డాలర్లు దాటినప్పుడు ఖర్చు కలిసొస్తుందని చాలామంది కొన్నారు. గూడూ దాణా లెక్క వేస్తే కలిసిరాదు. గుడ్ల కోసం కాకుండా కోళ్ళు ఇష్టమైతేనే కొనండి.

ఒకటి పోతే ఏం చెయ్యాలో కూడా అడిగారు. రాత్రికి రాత్రి అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టకండి. అన్నకి తెలిసిపోతుంది, మళ్ళీ అదే సరుకు. పాపని చూడనివ్వండి, గుంత తవ్వే పని బాబుకివ్వండి. ఆ రోజు వాడు నోరు జారితే అక్కడికక్కడే ఆపి, విడిగా తీసుకెళ్ళి మాట్లాడండి. నేను చూసినంతలో ఆ రోజు పెద్ద పిల్లలు పెద్దగా ఏడిపించరు. వాళ్ళకీ బాధగానే ఉంటుంది, ఏం మాట్లాడాలో తెలియక జోకు వేస్తారు. వారం తర్వాత మొదలుపెడతారు.

ఈ ఏడాదికి వద్దనుకుంటే పాపకి సూటిగా "ఈ ఏడాది గూడు లేదు, అందుకని లేదు" అని చెప్పి, దుకాణానికి తీసుకెళ్ళి చూపించి తీసుకొచ్చెయ్యండి. మీ కౌంటీలో ఫోర్-హెచ్ పిల్లల క్లబ్ ఉంటే కోళ్ళ ప్రాజెక్టు ఉంటుంది, ఇద్దరినీ చేర్చొచ్చు. ఎవరైనా రైతు దగ్గర ఈస్టర్ ఎగ్గర్ గుడ్లు దొరికితే ఒక డజను కొనండి, రంగు వెయ్యక్కర్లేకుండా నీలివీ పచ్చవీ వస్తాయి. బడిలో గుడ్లు పొదిగించే ప్రాజెక్టు నుంచి పిల్లని ఇంటికి పంపుతామంటే మాత్రం ఆలోచించండి. 21 రోజుల ముచ్చట తర్వాత ఆ పిల్లలన్నీ ఎవరో ఒకరి గ్యారేజీలో తేలాల్సిందే, వాటిలోనూ సగం పుంజులే.

ఇది చదివేసరికే కొనేసి ఉంటే (ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే కొనేసి ఉంటారు, తప్పులేదు), ఈ రాత్రికి ఇవి చెయ్యండి. ఒక్కటే తెచ్చి ఉంటే రేపు దుకాణానికి వెళ్ళి అదే వయసువి ఇంకొన్ని తెచ్చి కలపండి, వారం దాటితే కలవడం కష్టం. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో చెక్క పొట్టు పరవండి, న్యూస్‌పేపరు వద్దు, జారి కాళ్ళు పక్కలకి చీలిపోతాయి. ఒక మూల వేడి, రెండో మూల చల్లగా ఉండేలా పెట్టండి. నీళ్ళ గిన్నెలో గులకరాళ్ళు వెయ్యండి, లేకపోతే నిద్రలో మొహం పడి మునిగిపోతాయి. ప్రతి పిల్ల ముక్కునీ ఒకసారి నీళ్ళలో ముంచి చూపించండి. డబ్బా పైన వల కప్పండి, ఇంట్లో పిల్లీ కుక్కా లేకపోయినా. పడుకునే ముందు థర్మామీటరు చూసి రాయమని బాబుకి చెప్పండి. పొద్దున్నకి ఏదైనా పిల్ల రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని ఒంటరిగా నిలబడి ఉంటే, ముందు వెచ్చబెట్టండి, తర్వాత ముక్కుకి చక్కెర నీళ్ళు ఒక చుక్క తాకించండి. అప్పటికీ లేవకపోతే ఫొటోతో పాటు ఉష్ణోగ్రత ఎంతుందో ఇక్కడ రాయండి, చూస్తాను.